శబ్ద నిదానం

ఆయుర్వేద పరిభాషలో నిదానం అంటే రోగకారణాన్ని నిర్ణయించడం. వాడుక తెలుగులో నిదానం అంటే తొందరపాటు లేకపోవడం. ఒకే పదానికి ఏర్పడిన ఈ రెండు అర్థాలూ ప్రస్తుత పాఠ్యాంశానికి అవసరమైనవే. కంప్యూటరు మొదలయ్యే వేళ వినిపించే చిన్న కూతలను బట్టి అందులోని లోపాన్ని గుర్తించడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

శబ్దాన్ని బట్టి లోపలి స్థితిని గ్రహించడం మనకు కొత్త విద్య కాదు. కుండ కొనబోయిన గృహిణి దాన్ని వేలి కణుపుతో తట్టి చూస్తుంది. ఖంగున మోగితే కుండ గట్టిది; చచ్చు శబ్దం వస్తే కంటికి కనపడని పగులు ఎక్కడో ఉన్నదన్నమాట. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీకి ముందు మృదంగ విద్వాంసుడు చిన్న రాతితో వాద్యం అంచును చుట్టూ తట్టుతూ శ్రుతి సరిచూసుకుంటాడు. శ్రోతల దృష్టిలో అది కచేరీలో భాగం కాదు. ఆయన దృష్టిలో అది పూర్తి కానిదే కచేరీ లేదు. ఆస్ట్రియా దేశపు వైద్యుడు లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగర్ రోగి ఛాతీని వేళ్లతో తట్టి, ఆ ధ్వనిని బట్టి వ్యాధిని గుర్తించే పద్ధతిని 1761లో గ్రంథస్థం చేశాడు. ఆయన తండ్రి పూటకూళ్ల ఇల్లు నడిపేవాడు. మద్యం పీపా ఎంతవరకు నిండి ఉన్నదో తట్టి తెలుసుకోవడం ఆ ఇంట్లో నిత్యకృత్యం.

అయితే కుండనైనా పీపానైనా మనం తట్టాలి. కంప్యూటరు తన్ను తానే తట్టి చూసుకొని, ఫలితాన్ని తానే పలుకుతుంది. దాని పలుకు అర్థం కాకపోతే ఎంత నష్టం జరగగలదో నాకు అనుభవపూర్వకంగా తెలుసు.

2004 ఆగస్టు నాటి మాట. నా పరిశోధన గ్రంథం చిక్కడపల్లిలో, సిటీ సెంట్రల్ లైబ్రరీకి కొద్ది దూరంలోని ఒక సందులో డీటీపీ అవుతున్నది. ఆ రోజుల్లో ఈ ప్రాంతపు సందులలో అటువంటి కేంద్రాలు అనేకం ఉండేవి. పేజ్‌మేకర్‌లో అను అక్షరాలతో పుటలు కూర్చడం, కాగితంపై దోషాలు దిద్దడం, దిద్దినవాటిని మళ్లీ యంత్రంలో సవరించడం అప్పటి పద్ధతి. నా గ్రంథం 412 పుటలు. మూడు పర్యాయాలు దిద్దాం. చేతిరాత ప్రతి నా దగ్గర ఉన్నది కాని, ఏడాది పాటు చేసిన చేర్పులు, మార్పులు అన్నీ ఆ ఒక్క యంత్రంలోనే ఉన్నాయి. వేరొక ప్రతిని సీడీలో భద్రపరచాలన్న ఆలోచన నాకూ రాలేదు, కేంద్రం యజమానికీ రాలేదు. విశ్వవిద్యాలయానికి సమర్పించవలసిన గడువు తొమ్మిది రోజులు.

మూడు రోజులుగా ముసురు పట్టి ఉన్నది. ఆ సాయంత్రం యజమాని మీట నొక్కగానే పెట్టెలో పంకా తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. లోపలి నుంచి ఒక దీర్ఘమైన కూత. ఒక విరామం. మళ్లీ అదే కూత. మళ్లీ విరామం. ఆపితే తప్ప ఆగని ఏడుపులా ఉన్నది.

"సార్, హార్డ్ డిస్కు పోయినట్టుంది. రేపు సికింద్రాబాదు పోయి కొత్తది ఏపిస్త" అన్నాడు యజమాని, తల పట్టుకొని.

"మరి నా పుస్తకం?"

"పాత డిస్కులో ఉన్నది రాదు సార్. మళ్ల టైపు చెయ్యాల్సిందే."

నా కాళ్లలో సత్తువ పోయింది. అక్కడే ఇంటర్మీడియట్ చదువుతూ సాయంత్రాలు మరమ్మతు పని నేర్చుకొంటున్న కుర్రవాడు ఒకడు ఉన్నాడు. అతడు యంత్రం దగ్గరికి వచ్చి, ఒక నిమిషం చెవి ఒగ్గి విన్నాడు.

"అన్నా, డిస్కు సంగతి అది ఇంకా సూడనే లేదు. సూడకముందే ఒర్లుతున్నది. ఇది ర్యామ్ సప్పుడు" అన్నాడు.

ఆ కుర్రవాడి మాటలో ఒక శాస్త్రం ఇమిడి ఉన్నది. దాన్ని కొంచెం విపులంగా పరిశీలిద్దాం.

నేలమీద ఉండే పెట్టెను మనవాళ్లు సీపీయూ అంటారు. అది సరి కాదు. సీపీయూ అంటే ఆ పెట్టెలోని మదర్‌బోర్డు మీద అమరి ఉండే ప్రాసెసర్ అనే ఒక భాగం మాత్రమే. గుడినంతటినీ మూలవిరాట్టు అని పిలిచినట్టున్న ఈ వాడుక ఇప్పటికే స్థిరపడిపోయింది కాబట్టి దానితో పోరాడి ప్రయోజనం లేదు. మనం మీట నొక్కగానే పెట్టెలోని ఎస్.ఎం.పి.ఎస్. అనే విద్యుత్ సరఫరా భాగం మదర్‌బోర్డుకు తగిన వోల్టేజీలను అందిస్తుంది. ప్రాసెసర్ మేలుకొని, ముందుగా బయోస్ అనే చిప్‌లో శాశ్వతంగా రాసి ఉన్న ఆదేశాలను చదువుతుంది. ఆ ఆదేశాలలో మొదటి అధ్యాయం 'పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్'. సంక్షిప్తంగా పోస్ట్ అంటారు. విద్యుత్తు అందగానే జరిగే ఆత్మపరీక్ష అని దీని భావం.

ఈ పరీక్షకు ఒక క్రమం ఉన్నది. ప్రాసెసర్ సక్రమంగా ఉన్నదా? బయోస్ చిప్‌లోని రాత చెదరకుండా ఉన్నదా? కాలాన్ని లెక్కించే టైమర్ పనిచేస్తున్నదా? ర్యామ్ అనే తాత్కాలిక జ్ఞాపకశక్తిలో కనీసం మొదటి భాగం రాతను నిలుపుకోగలుగుతున్నదా? తెరకు బొమ్మను పంపే డిస్‌ప్లే కార్డు జవాబిస్తున్నదా? స్థూలంగా ఇవన్నీ గడిచిన తరువాతనే తెర వెలుగుతుంది. అటుపైన డిస్కుల వంతు వస్తుంది. తయారీదారును బట్టి క్రమంలో చిన్న మార్పులు ఉండవచ్చు కాని, డిస్కు చివరి వరుసలోనే ఉంటుంది.

ఇప్పుడు కుర్రవాడి మాట ఆలోచించండి. యంత్రం ర్యామ్ దగ్గరే ఆగిపోయింది. డిస్కు తలుపు అది ఇంకా తట్టనే లేదు. తట్టని తలుపు వెనుక ఎవరున్నారో, ఎవరు లేరో ఎలా చెప్పగలదు? కనుక ఆ కూతను బట్టి డిస్కు చెడిపోయిందని అనుకోవడానికి ఆధారమే లేదు. పైగా ర్యామ్‌లో ఉండేది విద్యుత్తు ఉన్నంతసేపు నిలిచే రాత. డిస్కులో ఉండేది విద్యుత్తు పోయినా నిలిచే రాత. నా 412 పుటలు రెండవదానిలో ఉన్నాయి. మొదటిది మొరాయిస్తే రెండవదాన్ని పారవేయడం, పలక పగిలిందని పుస్తకాన్ని పొయ్యిలో పెట్టడం వంటిది.

తెర ఉండగా యంత్రం కూత ఎందుకు వేయాలనే సందేహం రావచ్చు. ర్యామ్, డిస్‌ప్లే కార్డు రెండూ పనిచేస్తే తప్ప తెరమీద అక్షరం పడదు. ఆ రెండింటిలోనే లోపం ఉంటే తెరమీద చెప్పే మార్గం మూసుకుపోయినట్టే. శబ్దానికి అంత సరంజామా అక్కరలేదు. ఐబీఎం సంస్థ 1981 ఆగస్టులో విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరులో 8253 అనే టైమర్ చిప్, ఒక చిన్న స్పీకరు ఉంటే చాలు, కూత పుట్టేది. తెర మూగబోయినా ఈ గొంతు మిగిలి ఉండేది. కూత వినిపించిందంటే యంత్రానికి విద్యుత్తు అందుతున్నదని, ప్రాసెసర్ ఆదేశాలను చదవగలుగుతున్నదని, బయోస్ కొంతవరకైనా పనిచేస్తున్నదని అర్థం. పురిటిగదిలో బిడ్డ ఏడుపు కోసం ఎదురుచూస్తారే కాని, ఏడ్చిందని ఎవరూ బెంబేలెత్తరు కదా. నిజంగా బెంబేలెత్తవలసింది నిశ్శబ్దానికి. పంకా తిరుగుతూ, తెర వెలగక, కూత కూడా రాకపోతే ప్రాసెసర్, మదర్‌బోర్డు, ఎస్.ఎం.పి.ఎస్.లలో ఏదో ఒకదాన్ని అనుమానించాలి. ఒకవేళ స్పీకరు తీగ ఊడిపోయి ఉన్నా నిశ్శబ్దమే. ముందు దాన్ని చూడటం ఖర్చులేని పని.

ఇక ఈ కూతల భాష సంగతి. హ్రస్వమైన కూత, దీర్ఘమైన కూత, వాటి మధ్య విరామం — ఇంతకు మించి ఇందులో అక్షరాలు లేవు. ఛందస్సు చదివిన విద్యార్థులకు ఇది నిమిషాలలో పట్టుబడుతుంది. చిన్న కూత లఘువు, పెద్ద కూత గురువు అనుకోండి. ఐబీఎం తొలినాటి పట్టికలో ఒక గురువు, రెండు లఘువులు వినిపిస్తే డిస్‌ప్లే కార్డులో లోపం. గురువు వెంట రెండు లఘువులుంటే భగణం కదా! అవార్డ్ అనే సంస్థ రూపొందించిన బయోస్‌లో కూడా భగణానికి ఇదే అర్థం. ఒక గురువు, ఒక లఘువు అయితే ఐబీఎం పద్ధతిలో మదర్‌బోర్డు లోపం. మన లెక్కలో అది హగణం. ఏఎంఐ బయోస్‌లో మూడు లఘువులు, అంటే నగణం, వస్తే ర్యామ్‌లోని మొదటి 64 కిలోబైట్ల భాగం పరీక్షలో తప్పిందని తెలుసుకోవాలి. అప్పకవీయం చదివిన ఇంజనీర్లెవరూ ఈ పట్టికలను తయారు చేయలేదు. పరిమితమైన ధ్వనులతో ఎక్కువ అర్థాలు చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగు లాక్షణికుడికైనా, తంతి కార్యాలయపు మోర్సు సంకేతానికైనా, అమెరికా సాంకేతికుడికైనా దొరికే దారి ఒకటే: హ్రస్వదీర్ఘాల కూర్పు.

ఏఎంఐ అంటే అమెరికన్ మెగాట్రెండ్స్. 1985లో సుబ్రమణియన్ శంకర్, పాట్ శర్మ అనేవారు దీన్ని అమెరికాలో స్థాపించారు. వీరి పాత పద్ధతిలో గురువుల కంటె లఘువుల సంఖ్యకే ప్రాధాన్యం ఎక్కువ. అయిదు కూతలు ప్రాసెసర్‌ను, ఆరు కూతలు కీబోర్డును అదుపుచేసే భాగాన్ని, ఎనిమిది కూతలు డిస్‌ప్లే కార్డులోని మెమొరీని, తొమ్మిది కూతలు బయోస్ చిప్‌లోని రాతను సూచిస్తాయి. ఫీనిక్స్ సంస్థ పద్ధతి మరొకటి. అందులో కూతలు గుంపులు గుంపులుగా వస్తాయి. ఒకటి, విరామం, మూడు, విరామం, ఒకటి, విరామం, ఒకటి అని వస్తే ర్యామ్‌లోని రాతను క్షణక్షణం పునరుద్ధరించే ఏర్పాటులో లోపం. ఒకటి, రెండు, రెండు, మూడు అని వస్తే బయోస్ రాత తప్పింది. ఇక్కడ విరామాన్ని గుర్తించకుండా కూతలన్నీ కలిపి ఆరు, ఎనిమిది అని లెక్కపెట్టినవాడు, పదం విరిచే చోటు తెలియక పద్యం చదివినవాడిలాగే, అర్థానికి దూరమవుతాడు.

అన్నిటికంటె జాగ్రత్త వహించవలసిన విషయం ఏమిటంటే, ఒకే కూతకు వేర్వేరు తయారీదారుల వద్ద వేర్వేరు అర్థాలుంటాయి. ఒక్క చిన్న కూత ఐబీఎం పద్ధతిలో క్షేమవార్త. పరీక్షలన్నీ నెగ్గాను, ఇక పని మొదలుపెడతానని యంత్రం చెప్పే మాట. ఏఎంఐ పాత పట్టికలో ఆ ఒక్క కూతే ర్యామ్ పునరుద్ధరణ దోషం. ఒక మండలంలో పలికే మాట పక్క మండలంలో వేరొక అర్థమివ్వడం మాండలికాలు చదివే మనకు వింత కాదు. ఈ సందిగ్ధాన్ని తీర్చేది సందర్భం: కూత తరువాత తెర వెలిగితే క్షేమం, వెలగకపోతే దోషం. కాబట్టి కూతలను లెక్కించే ముందు ఆ బోర్డులోని బయోస్ ఏ సంస్థదో తెలుసుకోవాలి. మదర్‌బోర్డుతో వచ్చే చిన్న పుస్తకంలో ఆ వివరం ఉంటుంది. ఆ పుస్తకాన్ని కొన్న రోజే పారేయడం మన ఇళ్లలో ఆచారం.

మళ్లీ ఆ సాయంత్రానికి వద్దాం. ఆ యంత్రంలోనిది అవార్డ్ బయోస్. దీర్ఘమైన కూత ఆగి ఆగి ఎడతెగకుండా వస్తే అందులో సాధారణంగా ర్యామ్ అమరిక లోపమని అర్థం. కుర్రవాడు ముందు గోడ నుంచి ప్లగ్గు ఊడబెరికాడు. పెట్టె తెరిచి, దాని ఇనుప చట్రాన్ని చేత్తో తాకాడు. మన ఒంట్లో పేరుకొన్న స్థిర విద్యుత్తు చిప్‌లను దెబ్బతీయకుండా చేసే జాగ్రత్త అది. తరువాత ర్యామ్ కడ్డీని రెండు చివరల క్లిప్పులు విప్పి, అంచులు పట్టుకొని పైకి తీశాడు. ఆ కాలపు డీడీఆర్ ర్యామ్‌కు అంచున 184 స్పర్శస్థానాలు ఉండేవి. అవన్నీ గాడిలోని లోహపు పళ్లను సరిగ్గా తాకాలి. చెమ్మకు, దుమ్ముకు వాటి మీద పట్టిన సన్నని పొర కొన్నింటిని అడ్డగిస్తే చాలు, యంత్రం ర్యామ్ లేదనే భావిస్తుంది. మూడు రోజుల ముసురు చేసిన పని ఇదే.

కుర్రవాడు జేబులోంచి పెన్సిలు రబ్బరు తీసి ఆ అంచును మెల్లగా రుద్దాడు. రబ్బరు పొట్టును కుంచెతో దులిపాడు. నేను ఆత్రంగా "గట్టిగా రుద్దు నాయనా" అన్నాను.

"గట్టిగ రుద్దితే బంగారు పూత లేస్తది సార్. నిదానంగనే చెయ్యాలె."

ఈ పాఠానికి పేరు అప్పుడే దొరికిందని చెప్పవచ్చు. కడ్డీని తిరిగి గాడిలో పెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కాడు. రెండు వైపులా క్లిప్పులు టక్కున పడ్డాయి. ప్లగ్గు పెట్టి మీట నొక్కితే ఒక్క చిన్న కూత. తెర వెలిగింది. నా గ్రంథం పుట పోకుండా ఉన్నది. ఆ రాత్రే రెండు సీడీలలో ప్రతులు తీయించి ఒకటి ఇంటికి, ఒకటి కళాశాలకు పట్టుకుపోయాను. పాత డిస్కు ఆ తరువాత కూడా అదే యంత్రంలో పనిచేసింది.

రబ్బరు వాడటం మన దేశపు మరమ్మతు బల్లల మీది సులభోపాయం. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన మెత్తని బట్టతో తుడిచి, ఆరనివ్వడం అంతకంటె శ్రేష్ఠం. ర్యామ్ కడ్డీలు రెండుంటే ఒక్కొక్కదాన్నే పెట్టి చూడాలి. ఒక గాడిలో పలకకపోతే మరొక గాడిలో పెట్టాలి. దీనివల్ల చెడినది కడ్డీయో, గాడియో తేలుతుంది. భగణం వినిపించినప్పుడు కూడా కొత్త డిస్‌ప్లే కార్డు కొనే ముందు ఉన్నదాన్ని తీసి మళ్లీ గట్టిగా అమర్చి చూడటం ఉచితం. యంత్రాన్ని ఆటోలో వేసుకొని గతుకుల రోడ్డు మీదుగా తెచ్చినప్పుడు కార్డు గాడి నుంచి కొద్దిగా లేవడం సామాన్యంగా జరిగేదే.

గదిలో మోగే ప్రతి కూతా కంప్యూటరుది కాదు. కరెంటు పోగానే యూపీఎస్ కూడా కూస్తుంది. బ్యాటరీ అడుగంటుతున్నప్పుడు ఆ కూతల వేగం పెరుగుతుంది. ఆ శబ్దానికి కంప్యూటరు పెట్టె విప్పినవారిని నేను చూశాను. ఏదో పుస్తకం కీబోర్డు మీద ఒరిగి ఒక మీట నొక్కుకుపోయి ఉన్నా కొన్ని యంత్రాలు కూస్తాయి. అవార్డ్ బయోస్ ఉన్న యంత్రం పనిచేస్తూ ఉండగా మధ్యలో హెచ్చు స్వరం, తగ్గు స్వరం మార్చి మార్చి సైరనులా మోగితే అది ప్రాసెసర్ వేడెక్కుతున్నదన్న హెచ్చరిక. వేసవిలో పంకా రెక్కలకు దుమ్ము కమ్మినప్పుడు వినిపించే శబ్దమిది. వెంటనే యంత్రాన్ని ఆపి చల్లారనివ్వాలి. హార్డ్ డిస్కు నుంచి టక్, టక్ అని ఆగి ఆగి వచ్చే చప్పుడు వీటన్నిటికీ భిన్నమైనది. అది సంకేతం కాదు, డిస్కు లోపలి భాగాలు చేసే శబ్దం. అప్పుడు మాత్రం ఆ రోజు యజమాని పడిన భయం న్యాయమైనదే. పదేపదే ఆన్ చేసి చూడకుండా యంత్రాన్ని వెంటనే ఆపి, సమాచారాన్ని వెలికితీసే నిపుణుడికి అప్పగించాలి.

నేటి యంత్రాలలో బయోస్ స్థానాన్ని యూఈఎఫ్ఐ అనే నూతన వ్యవస్థ ఆక్రమించింది. చాలా మదర్‌బోర్డులు స్పీకరు లేకుండానే వస్తున్నాయి. కొన్ని బోర్డుల మీద సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని రాసిన నాలుగు చిన్న దీపాలుంటాయి. పరీక్ష ఎక్కడ ఆగిందో ఆ దీపం వెలుగుతూ ఉండిపోతుంది. కొన్ని ఖరీదైన బోర్డులు రెండంకెల సంఖ్యను చూపుతాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ దీపాన్ని రెండు రంగులలో ఇన్నిసార్లని మినుకుమినుకుమనిపించి లోపాన్ని తెలుపుతాయి. అక్కడ కూడా రెండు రంగుల మధ్య విరామాన్ని గుర్తించి లెక్కపెట్టాలి. దీపాలు లేని బోర్డుకు నాలుగు రంధ్రాల తొడుగుతో దొరికే చిన్న బజరును, బోర్డు మీద స్పీకర్ అని ముద్రించిన సూదులకు తగిలించుకోవచ్చు. దాని మీద ధన చిహ్నం ఉన్న వైపు, బోర్డు మీద ధన చిహ్నం ఉన్న సూదికి రావాలి.